హ్యామ్‌స్టర్‌కి స్వెట్టర్ తొడిగిన ఆట

హ్యామ్‌స్టర్‌ని, అంటే ఎలుకలాంటి ఆ బుల్లి పెంపుడు జంతువుని, ఫ్రీజర్‌లో పెట్టాలి. రెండు వందల ఏళ్లు ఆగాలి. అప్పటికి అది ఐసు గడ్డలా తయారై ఉంటుంది కాబట్టి తీసి మైక్రోవేవ్‌లో పెట్టాలి. బతుకుతుంది, కానీ చలికి వణుకుతూ ఉంటుంది. దానికో స్వెట్టర్ కావాలి. స్వెట్టర్ ఒకటి ఉంది, అయితే అది మనిషి సైజుది. దాన్ని బట్టలు ఆరబెట్టే డ్రయర్‌లో పడేసి, చేతిలో ఉన్న చిల్లరంతా అందులో పోసి, అది కూడా రెండు వందల ఏళ్లు తిరిగేలా వదిలెయ్యాలి. తీసి చూస్తే సరిగ్గా హ్యామ్‌స్టర్‌కి పట్టేంత అయి ఉంటుంది. ఇక ఒంట్లో వేడి పుట్టిన హ్యామ్‌స్టర్‌ని చక్రంలో పరిగెత్తిస్తే కరెంటు వస్తుంది.

1993 జూన్‌లో లూకాస్‌ఆర్ట్స్ కంపెనీ విడుదల చేసిన 'డే ఆఫ్ ది టెంటకిల్' అనే గేమ్‌లో ఇదొక పజిల్. ఇలా గుక్కతిప్పుకోకుండా చెబితే వినేవాళ్లు "ఎవడు రాశాడ్రా బాబూ" అంటారు. కానీ ఒక్కో అడుగూ విడిగా చూడండి. ఫ్రీజర్‌లో పెట్టింది గడ్డకడుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టింది కరుగుతుంది. ఉన్ని బట్ట డ్రయర్‌లో వేస్తే కుంచించుకుపోతుంది. చిల్లరతో నడిచే మెషీన్‌లో ఎంత చిల్లర పోస్తే అంతసేపు తిరుగుతుంది. హ్యామ్‌స్టర్ మళ్లీ లేచి కూర్చోవడం ఒక్కటీ వదిలేస్తే, మిగతా అన్నీ మన ఇంట్లో రోజూ జరిగేవే. ఎక్కడా మెలిక లేదు. అన్నీ కలిపి వరసలో పెట్టేసరికి పిచ్చి పుట్టింది.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. తిక్క హాస్యం మీద నడిచే గేమ్‌కి సీరియస్ గేమ్ కంటే గట్టి లెక్క కావాలి. "ఇది పిచ్చి ప్రపంచం, ఇక్కడ ఏదైనా జరగొచ్చు" అని డిజైనర్ అనుకున్న మరుక్షణం నవ్వు చచ్చిపోతుంది. పాత పాయింట్ అండ్ క్లిక్ గేమ్‌ల (తెర మీది వస్తువుల్ని మౌస్‌తో నొక్కుతూ పజిల్స్ విప్పే అడ్వెంచర్ గేమ్‌లు) అభిమానుల్లో చాలామంది దీనికి ఉల్టా మాట్లాడతారు. అర్థంపర్థం లేని పజిల్‌ని కూడా "అదే కదా ఆ ఆటల అందం" అని వెనకేసుకొస్తారు. నాకు ఆ మాట అస్సలు మింగుడు పడదు.

మన పొడుపు కథ ఒకటి తీసుకోండి. "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది." అడవి నుంచి ఇంటికొచ్చి డాన్సు చేసేదేమిటని బుర్ర గోక్కుంటాం. కవ్వం అని తెలిశాక ప్రతి మాటా నిజమేనని తేలుతుంది. కొయ్య అడవిదే, మజ్జిగ కుండలో అది ఆడేది తైతక్కే. జవాబు "ఏనుగు" అని చెప్పి ఉంటే ఎవరూ నవ్వరు, చెప్పినవాణ్ని నాలుగు తిట్టి లేచిపోతారు. జవాబు తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే ప్రశ్నలో మోసం కనపడకూడదు. ఈ గేమ్‌లకీ నేను పెట్టే పరీక్ష అదే.

ఆడనివాళ్ల కోసం కథ కొంచెం చెబుతాను. డాక్టర్ ఫ్రెడ్ అనే తిక్క సైంటిస్టు ఇంట్లో రెండు టెంటకిల్స్ ఉంటాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఊదా. ఆక్టోపస్ చేతుల్లో ఒకటి ఊడొచ్చి సొంతంగా గెంతుతూ తిరుగుతున్నట్టు ఉంటాయి. ఆయన మెషీన్ వదిలే విషపు నీళ్లు తాగి ఊదా టెంటకిల్‌కి రెండు బుల్లి చేతులు మొలుస్తాయి, వాటితోపాటు ప్రపంచాన్ని ఏలాలన్న కోరికా మొలుస్తుంది. దాన్ని ఆపడానికి బెర్నార్డ్, హోగీ, లవర్న్ అనే ముగ్గురు కాలేజీ పిల్లల్ని నిన్నటి రోజుకి పంపించి, ఆ మెషీన్‌ని ముందే ఆపించాలని డాక్టర్ ప్లాను. టైమ్ మెషీన్లంటే మూడు పోర్టబుల్ టాయిలెట్లు. అవి నడవడానికి వజ్రం కావాలి. డబ్బు మిగుల్చుకుందామని ఈయన నకిలీ వజ్రం పెడతాడు. అది దారిలోనే పగులుతుంది. హోగీ రెండు వందల ఏళ్లు వెనక్కి, లవర్న్ రెండు వందల ఏళ్లు ముందుకి పోతారు. బెర్నార్డ్ బయల్దేరిన చోటికే వచ్చి పడతాడు. ముగ్గురూ ఉండేది అదే ఇంట్లో, మూడు కాలాల్లో. చిన్న వస్తువుల్ని టాయిలెట్‌లో వేసి ఫ్లష్ కొట్టి ఒకరికొకరు పంపుకోవచ్చు. మనుషులు మాత్రం ఎక్కడివాళ్లక్కడే.

రూల్స్ ఇంతే. గతంలో చేసిన పని భవిష్యత్తులో కనిపిస్తుంది, వస్తువులు ప్రయాణిస్తాయి. ఆట మొదలైన కాసేపటికే ఈ సంగతి మనకు తెలిసిపోతుంది, చివరిదాకా మారదు. టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ఈ గేమ్ డిజైన్‌కి పెద్దలు. వాళ్లు తర్వాత చేసిన పనంతా ఈ రెండు రూల్స్‌ని ఎంత వెర్రి పనులకు వాడొచ్చో వరసపెట్టి చూపించడమే.

హోగీకి వెనిగర్ కావాలి. పద్దెనిమిదో శతాబ్దంలో అతనికి దొరికింది ద్రాక్ష సారా సీసా. అదే ఇంట్లో థామస్ జెఫర్సన్ కూర్చుని భావితరాల కోసం ఒక టైమ్ క్యాప్సూల్ నింపుతుంటాడు. సీసా అందులో పడేస్తే నాలుగు వందల ఏళ్ల తర్వాత లవర్న్ దాన్ని తెరుస్తుంది. వైన్ పులిసి వెనిగర్ అయి ఉంటుంది. ఫ్లష్ కొట్టి వెనక్కి పంపుతుంది. హోగీ వైపు నుంచి చూస్తే సీసా అలా పెట్టి ఇలా తీసుకున్నట్టే. నాలుగు శతాబ్దాల్ని వంటింటి పనికి వాడుకోవడం అన్నమాట. ఈ పజిల్ విప్పిన క్షణంలో వచ్చే నవ్వులో సగం జోకుది, సగం మన బుర్ర పనిచేసినందుకు మనకు మనం కొట్టుకునే చప్పట్లది. ఆ రెండూ కలిసి రావడం సినిమాలోనో కథలోనో కుదరదు. అక్కడ జోకు ఇంకొకరు వేస్తారు, మనం నవ్వుతాం. ఇక్కడ జోకు మన చేత వేయిస్తారు.

ఇంకోటి. లవర్న్ భవిష్యత్తులోకి వెళ్తూ వెళ్తూ ఒక చెట్టుకొమ్మకి చిక్కుకుని వేలాడుతుంటుంది. ఆ చెట్టు గతంలో కూడా ఉంది, కానీ అది కమ్‌క్వాట్ చెట్టు, బుల్లి నారింజల్లాంటి పళ్లు కాస్తుంది. జార్జ్ వాషింగ్టన్ అదే ఇంట్లో ఉన్నాడు. ఆయన చెర్రీ చెట్టు నరికిన కథ మన ఇంగ్లీషు పాఠాల్లో చదివినవాళ్లు చాలామంది ఉంటారు. హోగీ ఆ పళ్లకి ఎర్ర రంగు పూసి, వాషింగ్టన్‌ని కాస్త రెచ్చగొడితే ఆయన గొడ్డలి తీస్తాడు. గతంలో చెట్టు లేకపోతే భవిష్యత్తులోనూ లేదు, లవర్న్ దబ్బున కింద పడుతుంది. లవర్న్‌కి టెంటకిల్ వేషం కావాల్సి వచ్చినప్పుడు జరిగేది ఇంకా ఘోరం. టెంటకిల్ ఒంటి కొలతల బొమ్మని గతానికి పంపి, బెట్సీ రాస్ కుట్టబోయే అమెరికా జెండా నమూనాల్లో కలిపేస్తారు. ఆవిడ అదే కుడుతుంది. నాలుగు శతాబ్దాలు గడిచాక ఇంటి మీద ఎగిరే జాతీయ జెండా ఒక వేషం అయి ఉంటుంది. ఒక దేశం జెండా ఆకారాన్నే మార్చేసింది దేనికయ్యా అంటే, ఒక అమ్మాయి గౌను వేసుకున్నట్టు దాన్ని తొడుక్కోవడానికి. తమ దేశం పుట్టుకని ఇలా ఆటపట్టించిన వెటకారం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ఇదంతా అమెరికా వాళ్ల ఇంటి సంగతులు తెలిసినవాళ్లకు కదా, మనకెలా తెలుస్తుంది అని. నిజం చెప్పాలంటే చాలావరకు ఇబ్బంది లేదు. ఎందుకంటే ఆట తనకు కావలసిన సమాచారం తనే ఇస్తుంది. వాషింగ్టన్ చెట్ల గురించి తనే గొప్పలు పోతాడు, జెఫర్సన్ క్యాప్సూల్ గురించి తనే ఉపన్యాసం ఇస్తాడు. వాన రావాలంటే బండిని సబ్బు నీళ్లతో కడగాలి అన్న పజిల్‌కి అమెరికా తెలియనక్కర్లేదు. బట్టలు ఆరేసిన రోజే వాన పడుతుందని గొణుక్కునే ఏ ఇంట్లోవాళ్లకైనా అది అందుతుంది.

అందని చోటు ఒకటుంది. తెల్ల దిద్దుడు సిరా కంచెకి పూసి, దాని కిందుగా పిల్లిని దూరేలా చేస్తే దాని వీపు మీద తెల్ల చార పడుతుంది. అప్పుడు అందరూ దాన్ని స్కంక్ (వీపు మీద తెల్ల చార ఉండి, భరించలేని కంపు చిమ్మే జంతువు) అనుకుని కంపు భయంతో పారిపోతారు. స్కంక్ మన దేశంలో లేదు. ఈ తమాషాకి మూలం పాత అమెరికన్ కార్టూన్లు. అవి చూడనివాడికి ఇక్కడ పట్టు దొరకదు, ఎంత ఆలోచించినా దొరకదు. నేను పెట్టిన పరీక్షలో ఈ పజిల్ తప్పింది. గేమ్ అంటే ఎంత ఇష్టమున్నా ఇది మాత్రం నేను ఒప్పుకోను.

అయితే అసలు తప్పంటే ఏమిటో చూడాలంటే వేరే గేమ్‌లకి వెళ్లాలి. అప్పట్లో అడ్వెంచర్ గేమ్‌ల రాజ్యం సియెర్రా కంపెనీది. రాబర్టా విలియమ్స్ 1984లో మొదలుపెట్టిన 'కింగ్స్ క్వెస్ట్' సిరీస్ వాళ్ల పట్టపుటేనుగు. 1990లో వచ్చిన ఐదో భాగంలో మంచు కొండల మీద ఒక యెతి (మంచు మనిషి) ఎదురొస్తుంది. ఏం చెయ్యాలి? దాని మొహాన 'పై' అనే తియ్యటి వంటకం ఒకటి విసరాలి. ముందే ఆకలేసి ఆ వంటకం తినేశారా, ఆట అయిపోయింది. ఆట మాత్రం ఆ ముక్క మీకు చెప్పదు. అదే గేమ్‌లో ఒక పిల్లి ఎలుకను తరుముతూ తెర మీద అలా పోతుంది. ఆ క్షణంలో పిల్లి మీద ఏదైనా విసిరి ఎలుకను కాపాడకపోతే, ఎంతోసేపటికి మిమ్మల్ని కట్టి పడేసినప్పుడు తాడు కొరకడానికి ఆ ఎలుక రాదు. మీరు అప్పటికి చచ్చి ఉన్నట్టే లెక్క, చచ్చారన్న కబురు అందలేదంతే.

1999 నాటి 'గేబ్రియల్ నైట్ 3' ఇంకో మెట్టు పైకెక్కింది. మోటార్‌సైకిల్ అద్దెకు తీసుకోవడానికి ఇంకొకడి వేషం వెయ్యాలి. దానికి పిల్లి దూరే కన్నానికి టేపు అంటించి, దాని బొచ్చు పట్టి, మేపుల్ సిరప్‌తో మూతికి అంటించుకుని మీసం చేసుకోవాలి. విచిత్రం ఏమిటంటే, ఎవడి వేషం వేస్తున్నామో వాడికి మీసమే లేదు. అందుకని వాడి పాస్‌పోర్టు ఫొటో మీద మార్కర్‌తో మీసం గీస్తాం! ఇది హాస్యం గేమ్ కూడా కాదు, సీరియస్ మిస్టరీ. 2000లో ఓల్డ్ మ్యాన్ మరే అనే సైట్‌లో ఎరిక్ వోల్‌పా ఈ పజిల్‌ని ఒక్కో అడుగూ విప్పి చూపించి, అడ్వెంచర్ గేమ్‌ల చావుకి అవే కారణమని తేల్చాడు. ఆ వోల్‌పానే తర్వాత టిమ్ షేఫర్‌తో కలిసి 2005లో వచ్చిన 'సైకోనాట్స్' రాశాడు. ఉతికి ఆరేసినవాడికి పని దొరికింది సరైన చోటే.

హ్యామ్‌స్టర్ స్వెట్టర్‌కీ పిల్లి మీసానికీ తేడా ఎక్కడుంది? వింతలో రెండూ ఒకదానికొకటి తీసిపోవు. తేడా ఏమిటంటే, మొదటిదాన్లో ప్రతి వస్తువూ తన స్వభావానికి తగ్గట్టు నడుచుకుంటుంది. రెండోదాన్లో పిల్లి బొచ్చు మీసమైంది డిజైనర్ అలా అనుకున్నాడు కాబట్టి. మొదటిదాన్లో నేను ఆటతో ఆడుతున్నాను. రెండోదాన్లో డిజైనర్ మనసులో ఏముందో సోది అడుగుతున్నాను.

లూకాస్ వాళ్లు ఈ పాపం చెయ్యలేదని కాదు. 1991 నాటి 'మంకీ ఐలాండ్ 2'లో పియానో వాయించే కోతికి అరటిపండు చూపించి మైమరపించి, దాన్ని జేబులో పెట్టుకెళ్లి పానాలా వాడి పంపు తిప్పాలి. అమెరికన్లు ఒక రకం పానాని కోతి పేరుతో పిలుస్తారట. పజిల్ మొత్తం ఆ పిలుపు మీద నిలబడింది. అమెరికా బయటివాళ్లు ఎంతమంది అక్కడ జుట్టు పీక్కున్నారో.

విచిత్రమేమిటంటే ఆ గేమ్‌కి నాయకుడు రాన్ గిల్బర్ట్. ఈ విషయం మీద అందరికంటే ముందు, అందరికంటే సూటిగా రాసింది ఆయనే. 1989లో అడ్వెంచర్ గేమ్‌లు ఎందుకింత చెత్తగా ఉంటున్నాయో చెబుతూ ఒక వ్యాసం రాశాడు. తాడు కావాలని తెలియకముందే తాడు దొరికితే అది పజిల్ కాదు, ముందు లోయ కనిపించాలి, తర్వాత తాడు వెతుక్కోవాలి అంటాడు. ఎప్పుడో తీసుకోని వస్తువు వల్ల ఆట ఆగిపోకూడదు అంటాడు. ఊరికూరికే చంపొద్దు అంటాడు. ఆయనా గ్యారీ విన్నిక్ కలిసి 1987లో చేసిన 'మేనియాక్ మాన్షన్'లోనే (డే ఆఫ్ ది టెంటకిల్‌కి ముందు భాగం ఇదే) ఆట మధ్యలో దారి మూసుకుపోయే సందర్భాలున్నాయి. అంటే ఆ వ్యాసం కొంతవరకు సొంత పని మీద విమర్శే.

ఆ వ్యాసం తర్వాత 1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' చావుని ఎలా ఆటపట్టిస్తుందో చూడండి. హీరో గైబ్రష్ కొండ అంచు విరిగి కింద పడతాడు. సియెర్రా గేమ్‌లలో వచ్చేలాంటి పెట్టె ఒకటి తెర మీదికొచ్చి, మీ పని అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టుకోండి అంటుంది. అంతలో గైబ్రష్ బంతిలా ఎగిరి పైకొచ్చి నిలబడతాడు. కింద రబ్బరు చెట్టు ఉందట! ఆ ఒక్క జోకు పోటీ కంపెనీ పద్ధతి మీద వ్యాసమంత విమర్శ. ఆ గేమ్‌లో చావు అసలు లేకపోలేదు. పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలనని గైబ్రష్ గొప్పలు చెప్పుకుంటుంటాడు. అతన్ని ఒక బరువైన విగ్రహానికి కట్టి నీళ్లలో పడేస్తారు. చుట్టూ కత్తులూ పదునైన సామాన్లూ, అన్నీ చేతికందనంత దూరంలో. మీరు ఏమీ చెయ్యకుండా నిజంగా పది నిమిషాలు కూర్చుంటే చచ్చిపోతాడు. అన్నమాట ప్రకారం. మరి బయటపడే దారి? విగ్రహాన్ని చేత్తో ఎత్తుకుని నడిచి వచ్చెయ్యడమే. చుట్టూ కత్తులు పరిచింది మనల్ని అటు చూసేలా చెయ్యడానికి.

అదే గేమ్‌లో కత్తియుద్ధం తిట్లతో జరుగుతుంది. పాలవాడిలా పోరాడుతున్నావని ఎదుటివాడు అంటే, సరిపోయింది, నువ్వు ఆవులా పోరాడుతున్నావని జవాబివ్వాలి. సరైన జవాబులు ఎక్కడ నేర్చుకోవాలి? ఓడిపోతూ నేర్చుకోవాలి. ఎదుటివాడి తిట్టు వినాలి, దాన్ని ఇంకొకడి మీద వాడాలి, వాడి జవాబు గుర్తుపెట్టుకోవాలి. చివర్లో కత్తిసాములో ఆరితేరిన ఆవిడతో తలపడితే ఆవిడ తిట్లన్నీ కొత్తవి. కానీ మన దగ్గరున్న పాత జవాబుల్లోనే ఒక్కోదానికి సరిపోయేది ఒకటి ఉంటుంది. ఓడిన ప్రతిసారీ చేతికి ఏదో మిగిలే కత్తియుద్ధం నాకు తెలిసి ఇదొక్కటే.

నా దృష్టిలో ఈ గేమ్‌ల అసలు రచనంతా ఇలాంటి ఓటముల్లోనే ఉంది. సరైన జవాబులు ఏ గేమ్‌లోనైనా పదులలో ఉంటాయి. తప్పుడు జవాబులు లెక్కకు అందవు. మేనియాక్ మాన్షన్‌లో తెర కింద పదిహేను క్రియలు ఉండేవి, డే ఆఫ్ ది టెంటకిల్ నాటికి తొమ్మిదికి దిగాయి. తెరువు, ముయ్యి, ఇవ్వు, తోయి, లాగు ఇలాంటివి. వాటిని ప్రతి వస్తువుతో కలిపి చూస్తాం. కుదరని ప్రతిదానికీ పాత్ర ఒక మాట అనాలి. బద్ధకంగా చేసిన గేమ్ "అది కుదరదు" అని ఒకే ముక్క అరిగేదాకా వాడుతుంది. మంచి గేమ్‌లో తప్పు చేసినప్పుడల్లా ఒక జోకు దొరుకుతుంది, కొన్నిసార్లు ఆ జోకులోనే చిన్న సూచన దాగి ఉంటుంది. ఆట ఎక్కడ ఆగిపోయిందో అక్కడే హాస్యం దట్టంగా ఉండాలని అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ.

బొమ్మల సంగతికి వస్తాను. 320 గళ్లు అడ్డంగా, 200 గళ్లు నిలువుగా, 256 రంగులు. డే ఆఫ్ ది టెంటకిల్ ఉన్నది ఇంతలోనే. ఈ చుక్కల (పిక్సెల్) బొమ్మల మీద ప్రేమ చిన్నప్పటి జ్ఞాపకాల మోజు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నా విషయంలో ఆ మాట చెల్లదు. మా కంప్యూటర్ క్లాసుల్లో సారు కళ్లు కప్పి ఆడింది డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. ఎగరడం, దూకడం, చావడం. పేజీలకు పేజీలు ఇంగ్లీషు సంభాషణ చదివితే గాని ముందుకు సాగని ఆట మా దరిదాపుల్లోకి రాలేదు, వచ్చినా అర్థమయ్యేది కాదు. నేను వీటిని ఆడింది ఉద్యోగంలో చేరి చాలాకాలం గడిచాక, 2001లో మొదలైన స్కమ్‌వీఎం పుణ్యాన. లూకాస్ గేమ్‌లు నడిచే ఇంజన్ పేరు స్కమ్. పాత గేమ్ ఫైళ్లు మన దగ్గర ఉంటే కొత్త కంప్యూటర్ల మీదా ఫోన్ల మీదా వాటిని నడిపించే ఉచిత ప్రోగ్రాం ఈ స్కమ్‌వీఎం. కాబట్టి ఆ చుక్కలు నాకు కొత్తగానే కనిపించాయి, పాతవిగా కాదు.

వాటిలో నాకు కనిపించిన లాభం చాలా నిర్దిష్టమైనది. మొహం మీద పట్టుమని పాతిక చుక్కలు లేనప్పుడు కనుబొమ్మ సన్నగా ఎత్తి నటించడం కుదరదు. కాబట్టి ఒళ్లంతా నటించాలి. బెర్నార్డ్ నడక చూస్తేనే వాడి పిరికితనం తెలుస్తుంది. ఇంకొకటి, చిన్న బొమ్మ క్రూరత్వాన్ని భరించేలా చేస్తుంది. మేనియాక్ మాన్షన్‌లో హ్యామ్‌స్టర్‌ని మైక్రోవేవ్‌లో పెడితే పేలిపోతుంది. నాలుగు చుక్కల ప్రాణి కాబట్టి అది వెకిలి జోకుగా మిగిలింది. ఇవాళ్టి త్రీడీలో, బొచ్చు వెంట్రుక వెంట్రుకా కనిపిస్తూ అదే చూపిస్తే వాంతి వస్తుంది. ఆ గేమ్‌ని 1990లో నింటెండో మెషీన్ కోసం చేసినప్పుడు ఆ కంపెనీ సెన్సార్ వాళ్లు మాటామాటా జల్లెడ పట్టి కూడా ఈ హ్యామ్‌స్టర్‌ని పట్టుకోలేకపోయారు. మొదటి విడత కార్ట్రిడ్జ్‌లు బజారులోకి వెళ్లాక గాని వాళ్లకి తెలియలేదు.

ఇప్పుడు మొదట చెప్పిన పజిల్‌కి మళ్లీ వెళ్లండి. 1987లో హ్యామ్‌స్టర్‌ని చంపిన మైక్రోవేవ్ 1993లో హ్యామ్‌స్టర్‌ని బతికిస్తోంది. పాత గేమ్ ఆడినవాడు అక్కడ చెయ్యి ఒక్క క్షణం ఆపి, భయపడుతూ క్లిక్ చేస్తాడు. ఆడనివాడికి లోటేమీ లేదు, వాడికి అది మామూలు మైక్రోవేవ్. పైగా ఆ పాత గేమ్ మొత్తం ఈ గేమ్ లోపలే ఉంది. ఎడ్ అనే పాత్ర గదిలో ఉన్న కంప్యూటర్ దగ్గరికి వెళ్తే పూర్తిగా ఆడుకోవచ్చు.

చుక్కల బొమ్మల చెడ్డ గుణం కూడా చెప్పాలి. రెండు చుక్కల తాళం చెవిని కార్పెట్ మీద పడేసి వెతుక్కోమనేవాళ్లు. తెరంతా మౌస్‌తో దువ్వుతూ కూర్చోవడం ఆట కాదు, కంటి పరీక్ష.

ఈ బాధని తెలిసి తెలిసి జోకుగా మార్చిన గేమ్ 'థింబుల్‌వీడ్ పార్క్'. గిల్బర్ట్, విన్నిక్ మళ్లీ జట్టుకట్టి 2014 నవంబర్‌లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో జనాన్ని చందా అడిగారు. కావాలన్నది 3,75,000 డాలర్లు, వచ్చింది 6,26,250. 2017 మార్చి 30న విడుదలైంది. కథ జరిగేది 1987లో, మేనియాక్ మాన్షన్ వచ్చిన ఏడాదే. తెర కింద మళ్లీ అదే తొమ్మిది క్రియలు. నది ఒడ్డున ఒక శవం ఉంటుంది, అది రోజులు గడిచేకొద్దీ చుక్కలు చుక్కలుగా మారిపోతోందని పరిశోధనకు వచ్చిన ఏజెంట్లు కంగారు పడతారు. ఊరంతా దుమ్ము రేణువులు పడి ఉంటాయి, ఒక్కోటి ఒక్క చుక్క. ఏరుకుంటూ పోవచ్చు, ప్రయోజనం ఏమీ ఉండదు. సెట్టింగ్స్‌లో టాయిలెట్ పేపర్ చుట్ట ఏ వైపు వేలాడాలో ఎంచుకునే వీలుంది. రాన్సమ్ అనే బూతుల జోకర్ నోరు తెరిస్తే బీప్ శబ్దమే. ఆ బీప్‌లు తీసేయించుకోవాలంటే విడిగా డబ్బు కట్టి కొనుక్కోవాలి. దీన్ని వ్యాపారం అనాలో జోకు అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

పజిల్స్ విషయంలో ఆ గేమ్ పాత వ్యాసం మాట నిలబెట్టుకుంది. ఐదుగురు పాత్రలు, ఒకరికి కావలసింది ఇంకొకరి దగ్గర, ముందు లోయ, తర్వాత తాడు. నా పేచీ ముగింపుతో. ఆడాలనుకునేవాళ్లు ఈ ఒక్క పేరా దాటేయండి. చివర్లో పాత్రలకి తాము ఒక వీడియో గేమ్‌లో ఉన్నామని తెలుస్తుంది, దాన్ని ఆపేయడమే ఆఖరి పని అవుతుంది. దీన్ని లోతైన ముగింపు అని మెచ్చుకున్నవాళ్లున్నారు. నాకు మాత్రం లెక్క ఎగ్గొట్టినట్టు అనిపించింది. హత్య ఎవరు చేశారన్న ప్రశ్నతో నన్ను ఊరంతా తిప్పి, ఆ కేసు మీద ఆటకే ఆసక్తి పోయింది. "అంతా ఆటే" అన్న మాట అసంబద్ధ హాస్యంలో అన్నిటికంటే చవకైన మాట. ఎందుకంటే అది దేనికైనా సరిపోతుంది. దేనికైనా సరిపోయే జవాబు ఏ ప్రశ్నకీ జవాబు కాదు. చెట్టు నరికితే లవర్న్ కింద పడుతుంది. ఇది ఆ ప్రశ్నకే జవాబు, ఇంకే ప్రశ్నకీ పనికిరాదు.

ఇక వాక్‌త్రూలు, అంటే పజిల్స్ జవాబులన్నీ వరసగా చూపించేవి. ఇరుక్కుపోయిన ఐదో నిమిషంలో యూట్యూబ్ తెరిచే అలవాటు మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. గట్టి లెక్కతో కట్టిన పజిల్‌ని చూసి రాసేస్తే మిగిలేది ఏమీ ఉండదు. అలాగని సాయం అడగడం తప్పేమీ కాదు. థింబుల్‌వీడ్ వాళ్లు విడుదలయ్యాక వచ్చిన అప్‌డేట్‌లో ఆటలోని ఫోన్ల నుంచే చేసుకునే హింట్ లైన్ పెట్టారు. మొదట చిన్న సూచన ఇస్తుంది, చాలకపోతే ఇంకాస్త, చివరికి జవాబు. ఇది పద్ధతి. ఇంకా మంచి పద్ధతి పక్కన ఒక మనిషి ఉండటం. మా అక్క కొడుకు పక్కన కూర్చుంటే వాడు నాకు తట్టనివి అడుగుతాడు. "మామయ్యా, ఆ స్వెట్టర్ ఎవరిది? వాళ్లకి చలెయ్యదా?" లాంటివి. సగం పనికిరావు. మిగతా సగం వల్ల కనీసం ఇంకో తప్పుడు ప్రయత్నం, ఇంకో జోకు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే మంకీ ఐలాండ్ కంటే ముందు డే ఆఫ్ ది టెంటకిల్ అంటాను. 2016లో డబుల్ ఫైన్ కంపెనీ బొమ్మలన్నీ మళ్లీ నున్నగా గీయించి రీమాస్టర్ తెచ్చింది. ఒక మీట నొక్కితే పాత చుక్కల బొమ్మలకి మారిపోతుంది, నేను అలాగే ఆడతాను. ఇంగ్లీషు మాటలు వేగంగా పోతున్నాయనిపిస్తే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. హ్యామ్‌స్టర్, వెనిగర్, చెట్టు, జెండా, వాన, పిల్లి చార, ఈ ఆరూ నేను చెప్పేశాను కాబట్టి అవి మీకు ఫ్రీ. ఒక మమ్మీని మనుషుల అందాల పోటీలో నిలబెట్టి గెలిపించాల్సిన ఘట్టం మాత్రం ముట్టుకోలేదు. దానికి జుట్టు కావాలి, పళ్లు కావాలి, నవ్వు కావాలి. ఎక్కడివో చెప్పను.